కోసేసిన ఆఖరి పేజీలు

ఆ రోజు మధ్యాహ్నం ఒకే పేజీని నాలుగుసార్లు చదివాను. ఒక్క ముక్క తలకెక్కలేదు. నవల చేతిలో ఉంటే పొయ్యి మీద కూర మాడినా తెలియని మనిషిని నేను. అలాంటిది ఆ రోజు అక్షరాల మీద చూపు నిలవలేదు. భుజాల మధ్య ఏదో బరువు, పొద్దు వాలేసరికి సన్నగా వణుకు. నా కూతురు సునందకు అప్పుడు మూడేళ్లు. నా ఒడిలో పడుకున్నది లేచి కూర్చుని, "అమ్మా, నువ్వు గరం ఉన్నవ్" అంది. పొయ్యి దగ్గర నుంచి వచ్చాను కదా, అందుకే వేడి అన్నాను. మూడేళ్ల పిల్లకు తెలిసింది నాకు తెలియలేదు.

మాది గోదావరిఖనిలో కంపెనీ క్వార్టరు. మా ఆయన రాజయ్య బొగ్గుబాయిలో సర్దారు. అంటే భూమి లోపల పని మొదలయ్యే ముందు పైకప్పు తట్టి చూసి, తన గ్యాంగు మనుషుల మంచిచెడ్డలు చూసుకునేవాడు. నేను మంథని పక్క పల్లెలో పుట్టి, మంథనిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ చదువంతా నవలలకే పనికొచ్చింది. బస్టాండు దగ్గర మొండయ్య కాక నడిపే కిరాయి పుస్తకాల దుకాణంలో నేను చదవని నవల లేదు. చదివి ఊరుకునేదాన్నా, వెనక అట్ట లోపల పెన్సిలుతో నా అభిప్రాయం రాసి మరీ తిరిగిచ్చేదాన్ని. "హీరోకు మొదటి అధ్యాయంలోనే ఎవరైనా రెండు తగిలించి ఉంటే మూడు వందల పేజీలు మిగిలేవి" అని ఒకదానికి రాశాను. "అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకడి కోసమే ఏడుస్తారు, వాడిలో ఏముందో రచయితకైనా తెలుసా?" అని ఇంకోదానికి. మొండయ్య కాక మొదట్లో కసిరాడు. కాలనీ ఆడవాళ్లు పుస్తకం అందుకోగానే ముందు వెనక అట్ట తిప్పి చూడడం మొదలుపెట్టాక నోరు మూసుకున్నాడు. "నీ రాత జూసినంకనే తీస్కపోతాండ్రు బిడ్డా" అనేవాడు.

అందరి కథల మీదా అంత గట్టిగా తీర్పు చెప్పేదాన్ని, నా ఒంటి సంగతి రెండు నెలలు పట్టించుకోలేదు. దగ్గు వస్తే బొగ్గు పొయ్యి పొగ అనుకున్నాను. మా కాలనీలో అందరివీ బొగ్గు పొయ్యిలే, అందరికీ దగ్గే. కళ్లె నల్లగా పడితే మా దగ్గర ఎవరూ భయపడరు. మా ఆయన బాయి నుంచి రాగానే బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. అది గుండెలో దుమ్మును కిందికి దించుతుందని బాయి మనుషుల నమ్మకం. నాకూ రోజూ ఒక ముక్క పెట్టాడు. "తిను సరోజా, పొగ గిట్ల ఉంటే దిగుతది" అనేవాడు. తిన్నాను. జాకెట్లు వదులయ్యాయి. పక్కింటి లచ్చమ్మక్క "సన్నబడ్డంక మంచిగున్నవ్" అంటే లోలోపల సంబరపడ్డాను కూడా. సిగ్గులేదు నాకు.

ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. అంతకు ముందే క్షయ వచ్చిన అమ్మాయి కథ ఒకటి చదివాను. ఆమె తెల్లటి రుమాలులో దగ్గుతుంది, దాని మీద ఎర్రగా ఒక్క చుక్క. అక్కణ్నుంచి రోజురోజుకూ ఆమె అందం పెరుగుతుంది. "ఈమె ఉమ్మి ఎక్కడ వేస్తుందో ఎక్కడా రాయలేదు" అని వెనక అట్ట మీద వెక్కిరించాను. వెక్కిరించాను గానీ, రోగమంటే అలాగే ఉంటుందని లోపల నమ్మేశాను. నా పాత చీర గుడ్డలో పడేది నల్లగా ఉంది. నలుపు పొగది, ఎరుపు రోగానిది. కనుక నాకు రోగం లేదు.

ఒక పొద్దున బట్టలు ఉతుకుతుంటే దగ్గు తెర వచ్చింది. బండ మీద పడింది నలుపు కాదు. రాజయ్య డ్యూటీ మానేసి నన్ను దవాఖానకు తీసుకుపోయాడు. ఎక్స్‌రే తీశారు, మూడు రోజులు పొద్దున పూట కళ్లె డబ్బాలో పట్టించారు. డాక్టరు ఎక్స్‌రేని కిటికీ వెలుగుకు పెట్టి చూపించాడు. "రైట్ లంగ్ పైన కేవిటీ, గుంట పడిందమ్మా. కళ్లెలో క్రిములున్నాయి, స్ప్యూటమ్ పాజిటివ్. టీబీ. ఇంట్లో చిన్నపిల్లలున్నారా? వెంటనే దూరం పంపండి." రాజయ్య అడిగాడు, "నయమైతదా సారూ?" "తప్పకుండా అవుతుంది. కానీ పద్దెనిమిది నెలలు మందు వాడాలి. ఒక్క పూట కూడా మానకూడదు" అన్నాడు డాక్టరు. ఆ మాట నేను కూడా విన్నాను. నా చెవులతో విన్నాను.

సునందను మా అన్న ఇంటికి పంపాం. వదినకు పిల్లలు లేరు. మేం బస్సు దిగగానే పిల్లను చంకనేసుకుని, "గీమె ఫికర్ నీకొద్దు, నువ్వు మంచిగ కా" అంది. నేను దూరంగా నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూశాను. "ఏడాదిన్నరకు వస్త బిడ్డా" అన్నాను. సునంద నాకేసి రావడానికి చేతులు చాచింది. వదిన దాన్ని లోపలికి తీసుకుపోయింది. పద్దెనిమిది నెలలు ఎట్లాగైనా గడిపి నా పిల్ల దగ్గరికి పోవాలి. నాకు అంతకు మించి కోరిక లేదు.

నన్ను చేర్చిన టీబీ దవాఖాన చాలా దూరం, ఒక గుట్ట మీద. పొద్దున్నే థర్మామీటరు, తర్వాత స్ట్రెప్టోమైసిన్ సూది, ఐ.ఎన్.హెచ్. గోళీలు, మూడు పూటలా పాస్ అనే పొడి. సూది వల్ల చెవుల్లో గుయ్యిమనేది, నడిస్తే నేల ఊగేది. పాస్ తాగిన ప్రతిసారీ కడుపు తిప్పేది. అది మింగి కక్కకుండా ఉండడమే ఒక డ్యూటీ. మధ్యాహ్నం మూడు గంటలు మాట్లాడకుండా పడుకోవాలి. మిగిలిన పొద్దంతా నవలలే.

వాటిని రాజయ్య తెచ్చేవాడు. బాయి మనుషులు వారపు సెలవును ప్లే డే అంటారు. రెండు ప్లే డేలకు ఒకసారి రెండు బస్సులు మారి, తువ్వాలలో నాలుగు పుస్తకాలు చుట్టుకుని వచ్చేవాడు. మొండయ్య కాక నా కోసం గడువు లేకుండా ఇచ్చేవాడు. "బస్సుల నేను గూడ సదువుతాన" అన్నాడు ఒకసారి రాజయ్య. పెళ్లయిన ఆరేళ్లలో ఒక్క నవల ముట్టని మనిషి. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతాడు. నాకు ఎంత సంతోషమైందో. రోగం వల్ల ఒక్క మంచైనా జరిగిందనుకున్నాను.

పక్క మంచం నర్సవ్వకు అక్షరం ముక్క రాదు. ఆమెకు చదివి వినిపించేదాన్ని. నాకంటే గట్టి విమర్శకురాలు ఆమె. గోదావరి ఒడ్డున ప్రేమికులు అధ్యాయాల కొద్దీ కబుర్లాడుకునే నవల ఒకటి చదువుతుంటే, "గా పోరడు డ్యూటీకి ఎప్పుడు పోతడే?" అంది. నేను తెల్లబోయాను. నిజమే, అన్ని నవలలు చదివాను, ఎందులోనూ ఎవరూ షిఫ్టుకు పోరు. అన్నం తినకుండా అలుగుతారు గానీ ఆ బియ్యం ఎక్కడివో చెప్పరు. వెనక అట్ట మీద నర్సవ్వ మాటనే ఆమె పేరుతో రాశాను. అలా ఆరు నెలలు గడిచాయి. ఆరో నెలలో డాక్టరు రౌండ్సుకు వచ్చి నా కాగితం చూసి నవ్వాడు. "వెరీ గుడ్. స్ప్యూటమ్ నెగెటివ్. కేవిటీ మూసుకుంటోంది. కానీ మందు ఆపితే మొదటికే మోసం." సూదులు ఆపారు, గోళీలూ పొడీ సాగాయి. నర్సవ్వ కూడా అంది, "ఇంగ నీ బిడ్డను జూస్తవ్."

ఆ తర్వాతే వచ్చింది ఆఖరి పేజీలు లేని పుస్తకం.

అందులో క్షయ వచ్చిన టీచరమ్మ కథ. కథ బిగిసి వస్తుండగా హఠాత్తుగా వెనక అట్ట. కిరాయి పుస్తకం కదా, ఊడిపోయి ఉంటాయనుకున్నాను. మళ్లీ వచ్చిన నాలుగింటిలోనూ ఒకదానికి చివర లేదు. అందులోనూ ఒకామె జబ్బుతో మంచం పట్టి ఉంది. మూడోది వచ్చేసరికి వేలితో తడిమి చూశాను. ఊడలేదు, చిరగలేదు. బ్లేడుతో కుట్టు దగ్గరికంటా తిన్నగా కోశారు. గడ్డం గీసుకునే బ్లేడుతో అంత తిన్నగా కోసే చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. మా ఇంట్లో క్యాలెండరు కాగితాలు అతనే కోస్తాడు.

ఇక్కడ మా కాలనీ ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. బాయిలో పైకప్పు కూలి మనిషి పోతే, ఆ మాట ఇంటికి నేరుగా రాదు. జీపులో ఒక పెద్దమనిషి వచ్చి గడప దగ్గర నిలబడతాడు. "చిన్న దెబ్బనే తాకింది, దవాఖానల ఉన్నడు, ఫికర్ చెయ్యకు, నడువు" అంటాడు. నిజంగా చిన్న దెబ్బైతే ఎవరూ రారు, మనిషే కట్టు కట్టుకుని కుంటుకుంటూ ఇంటికి వస్తాడు. అందుకని ఆ మెత్తటి మాట వినగానే మా ఆడవాళ్లు గాజుల చేతులు నెత్తికి కొట్టుకుంటారు. ఆ మాట చెప్పడానికి ఎక్కువసార్లు రాజయ్యనే పంపేవారు, నెమ్మదిగా మాట్లాడతాడని. వచ్చాక అన్నం ముట్టకుండా కూర్చునేవాడు. "ఎందుకు అబద్ధం చెప్తవ్?" అని ఒకసారి అడిగితే, "గట్లనే చెప్పాలె. లేకుంటే గడపలనే కూలిపోతరు" అన్నాడు.

అతను వచ్చిన రోజు మూడో పుస్తకం చేతిలో పెట్టి అడిగాను.

"దీనికి ఆఖరి పేజీలు లేవేంది?"

"కిరాయి పుస్తకం గద, ఎవలో చింపిండ్రు."

"ఆమెకు ఏమైంది మరి?"

"ఏమైతది, నయమై ఇంటికి పోయింది" అన్నాడు గోడ వైపు చూస్తూ.

"నా గురించి డాక్టరు ఏమన్నడు?"

"ఏం లేదు సరోజా. చిన్నదే. జల్ది నయమైతది, ఫికర్ చెయ్యకు."

చిన్నదే. ఫికర్ చెయ్యకు. అదే మాట, అదే గొంతు. గడప దగ్గర నిలబడి చెప్పే గొంతు. ఒక్కసారి సునందను తీసుకురమ్మన్నాను. "పిల్లను ఈడికి తేవద్దన్నరు" అన్నాడు. అది దవాఖాన నియమమని నాకు తెలుసు. అయినా ఆ క్షణంలో దాన్ని కూడా చావు లెక్కలోనే వేసుకున్నాను.

అప్పటి నుంచి పాస్ పొడి ఉమ్మి డబ్బాలో పోశాను. నర్సు ఎదురుగా నిలబడిన రోజు గోళీలు మింగాను, లేని రోజు దిండు గలీబులో దాచాను. చచ్చేదానికి ఈ వాంతులెందుకు అనుకున్నాను. డాక్టరు నెగెటివ్ అన్నాడు కదా అంటే, ఆయనా చిన్నదే అంటున్నాడనుకున్నాను. ఇన్ని నవలల ముగింపులను పేజీ తిప్పకముందే పసిగట్టిన తెలివి నాది. నా కథ ముగింపు కూడా అలాగే పసిగట్టేశాను. పుస్తకాల వెనక రాయడం మానేశాను. నర్సవ్వ చదవమంటే గొంతు నొప్పి అన్నాను. ఇట్లా నాలుగు నెలలు.

అయిదో నెలలో జ్వరం తిరగబెట్టింది. మళ్లీ ఎరుపు. డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి, "ఇది నీదేనా అని రెండుసార్లు పేరు చూశాను" అన్నాడు. అదే రోజు గలీబులు ఉతకడానికి తీస్తుంటే గోళీలు గలగలా నేల మీద పడ్డాయి. వార్డంతా చూసింది. డాక్టరు కేకలు వేస్తాడనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఎందుకు చేశావమ్మా?"

"నాకు నయం కాదు గద సారూ."

"ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. నయమవుతుందనే అందరూ చెప్పారు.

"రెసిస్టెన్స్ వచ్చింది. పాత మందులు ఇక సరిగ్గా పని చెయ్యవు. కొత్తవి మొదలుపెట్టాలి, ఆపరేషన్ కూడా కావొచ్చు" అన్నాడు. ఎన్నాళ్లని అడిగాను. "ఇప్పుడు చెప్పలేను" అన్నాడు. ఆ రోజుకు నా పద్దెనిమిది నెలల్లో ఇంక ఏడే మిగిలాయి. అవి కొట్టుకుపోయాయి.

కబురందుకుని రాజయ్య వచ్చాడు. గోళీల సంగతి, నేనేమనుకున్నానో అంతా చెప్పాను. అతను సంచిలోంచి మడత పెట్టిన కాగితాలు తీసి మంచం మీద పెట్టాడు. మూడు నవలల ఆఖరి పేజీలు. తిరిగి ఇచ్చేటప్పుడు మైదా పిండితో అతికిద్దామని దాచాడట, ఆ పుస్తకాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి కదా.

"గా ఆడోళ్లు సచ్చిపోతరు సరోజా. సదివి నువ్వు పరేషాన్ అయితవని కోసిన."

"నా గురించి డాక్టరు నిజంగ ఏమన్నడు?"

"నయమైతదనే అన్నడు. నీ మీదొట్టు. నేను నీకు అబద్ధం చెప్పలే."

అవును, చెప్పలేదు. నిజాన్నే చెప్పాడు, కానీ అబద్ధం చెప్పే గొంతుతో. అతనికి ఉన్నది ఆ ఒక్క గొంతే. అది తెలుసుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. ఆ రోజు మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నాను, ఆ తర్వాత మూడుసార్లు వచ్చినా అతనితో మాట్లాడలేదు. రెండు బస్సులు మారి వచ్చి, కాసేపు కూర్చుని, తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. దానికి కూడా నాకు ఇప్పుడు బాధే.

అతను వెళ్లాక ఆ పేజీలు చదివాను. టీచరమ్మ చనిపోయింది, రెండో ఆమె కూడా. మూడో నవలలో మాత్రం ఆమె బతికింది. జబ్బు నయమై ఊరికి వచ్చింది. ఆమె బిడ్డ వీధి చివర నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి మెడకు చుట్టుకుంది. రాజయ్యతో మళ్లీ మాటలు కలిసినప్పుడు అడిగాను, అది ఎందుకు కోశావని. తల వంచుకున్నాడు. "మొత్తం సదవలే. పై వరుసల శవం అని కనబడ్డది, కోసిన." ఆ శవం ఆమె మామది.

కొత్త మందుల్లో ఇథియోనమైడ్ ముందు పాస్ పొడి పాయసమనిపించింది. ఏడాది తర్వాత ఆపరేషన్ చేసి ఊపిరితిత్తిలో పై ముక్క తీసేశారు. నేను దవాఖానలో ఉండగానే నర్సవ్వ నయమై వెళ్లిపోయింది. పోతూ, "మింగే పిల్లా" అంది, అంతే. మొత్తం మూడున్నరేళ్లు పట్టింది. నర్సు చూడకపోయినా మింగాను. చూడమని పిలిచి మరీ మింగాను.

మా అన్న ఊళ్లో బస్సు దిగేసరికి సునందకు ఆరేళ్లు దాటాయి. రెండు జడలతో వాకిట్లో ఆడుకుంటోంది. నన్ను చూసింది. నేను చేతులు చాచాను. అది లోపలికి పరుగెత్తి వదిన వెనక దాక్కుని, "అమ్మా, ఎవలో వచ్చిండ్రు" అంది. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాపం, ఆమె తప్పేముంది. పద్దెనిమిది నెలలకే వచ్చి ఉంటే నా పిల్ల నన్ను గుర్తుపట్టేది.

ఇప్పుడు సునందకు పదమూడేళ్లు. మాతోనే ఉంటుంది, నన్ను అమ్మ అనే పిలుస్తుంది. ఒంట్లో బాగులేకపోతే మాత్రం వదినను తలుచుకుంటుంది. నేను తడిగుడ్డ వేస్తూ ఊరుకుంటాను. మెట్లెక్కితే నాకు ఆయాసం, బొగ్గు పొయ్యి తీసేసి కిరసనాయిలు స్టవ్వు పెట్టుకున్నాం. రాజయ్య ఇప్పటికీ సర్దారే. కబురు చెప్పడానికి ఇప్పటికీ అతన్నే పంపుతారు. ఇప్పుడు మాత్రం కాలు విరిగితే కాలు విరిగిందంటాడు. అంతకు మించినదైతే గడపలో వాళ్ల పక్కన కూర్చుని ఆ మాటే చెప్తాడు.

మూడు పుస్తకాల పేజీలూ సూదీదారంతో కుట్టాను. రెండింటిని మొండయ్య కాకకు ఇచ్చేశాను, మూడోది అడిగి ఉంచుకున్నాను. మొన్న సునంద దాన్ని చదివింది. వెనక అట్ట లోపల నా రాత చూసింది. "అన్నీ బాగున్నాయి. పిల్ల మాత్రం అలా పరుగెత్తి రాదు" అని ఉంది.

"నేను ఉరికి రాలేదా అమ్మా?" అని అడిగింది.

చిన్నదేలే అనబోయాను. నోటి దాకా వచ్చింది.

"రాలేదు బిడ్డా. అత్తమ్మ ఎనుక దాక్కున్నవ్."

"నాకు యాదికి లేదు" అంది. పుస్తకం మూసి, నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచింది. ఎందుకు అంత ఆలస్యంగా వచ్చావని అడగలేదు. అడిగితే చెప్పడానికే సిద్ధంగా ఉన్నాను.

ఇది చదివేవాళ్లలో మందులు మింగుతున్నవాళ్లు ఉంటే నేను చెప్పేది ఒక్కటే. ఒక్క పూట కూడా ఆపకండి. అనుమానం వస్తే ఇంటివాళ్ల ముఖాల్లో వెతకకండి, ఇంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నేరుగా డాక్టరునే అడగండి. నా మంచానికీ డాక్టరు గదికీ మధ్య ఇరవై అడుగుల దూరం. ఆ నాలుగు నెలల్లో ఒక్క రోజు కూడా నేను నడవలేదు.